నీటితోట పోటీలు: తయారీ మారిన తీరు

గాజు తొట్టెలో నీటిమొక్కలను తోటలా తీర్చిదిద్దడాన్ని ఆక్వాస్కేపింగ్ అంటారు. ఈ కళలో పోటీలు మొదలై వందేళ్ళు కూడా కాలేదు. అయినా పోటీకి తొట్టెను సిద్ధం చేసే పద్ధతి ఈ కొద్దికాలంలోనే పూర్తిగా మారిపోయింది. న్యాయనిర్ణేత తొట్టె ఎదుట నిలబడి చూస్తాడా, ఫొటో చూసి మార్కులు వేస్తాడా అన్నదే ఈ మార్పుకు మూలం.

దీనికి పునాది ఇంగ్లండ్‌లో పడింది. లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1849లో ఒక గాజుపాత్రలో ఇసుక, బురద పరిచి, వాలిస్నేరియా మొక్క నాటి, రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లను వదిలారు. ఆకులు కుళ్ళి నీరు పాడవుతుంటే చెరువు నత్తలను వేశారు. నత్తలు కుళ్ళిన ఆకులను తిన్నాయి. చేపలు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను మొక్క తీసుకుంది, మొక్క వదిలిన ఆక్సిజన్ చేపలకు అందింది. ఈ ప్రయోగ ఫలితాలు 1850లో అచ్చయ్యాయి. అప్పటికే, 1845లో, బ్రిటన్ గాజుపై పన్ను ఎత్తివేయడంతో తొట్టెల ధర దిగివచ్చింది. 1853లో లండన్ జూలో ప్రజల కోసం చేపలశాల తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన 'ది అక్వేరియం' వెలువడ్డాక ఈ అభిరుచి ఇళ్ళలోకి పాకింది. ఆ రోజుల్లో మొక్క పని నీటిని బాగుచేయడమే. అందం సంగతి ఆ తరువాతి మాట.

మొక్కల అందాన్నే ముందు నిలిపినవారు డచ్చివారు. 1930లో ఏర్పడిన నెదర్లాండ్స్ అక్వేరియం సంఘాల సమాఖ్య పోటీలకు కట్టుబాట్లు తెచ్చింది. డచ్చి తొట్టెలో రాళ్ళకు, కొయ్యకు ప్రాధాన్యం తక్కువ. ఒక్కో జాతి మొక్కను ఒక్కో గుంపుగా నాటుతారు. పక్కపక్క గుంపులు ఎత్తులో, రంగులో, ఆకు ఆకారంలో ఒకదానికొకటి భిన్నంగా ఉండాలి. పొట్టి మొక్కల వరుస ఒకటి ముందు నుంచి వెనక్కి ఏటవాలుగా ఎక్కుతూ పోతుంది. దీన్ని 'లైడెన్ వీధి' అంటారు. తొట్టె లోతును ఉన్నదానికంటే ఎక్కువగా చూపేది ఈ వరుసే. ఎర్రని గుంపు కోసం వాడే మొక్కల్లో దక్షిణ భారతం నుంచి వెళ్ళిన రోటాలా మాక్రాండ్రా కూడా ఒకటి.

అక్కడ న్యాయనిర్ణేతలు పోటీదారుల ఇళ్ళకే వెళ్తారు. స్థానిక సంఘంలో గెలిచిన తొట్టె జిల్లా స్థాయికి, అక్కడి నుంచి జాతీయ స్థాయికి చేరుతుంది. కూర్పుతో పాటు చేపల ఆరోగ్యం, జాతుల పొంతన, నీటి గుణం కూడా పరీక్షిస్తారు. అందుకే డచ్చి పోటీదారుడి తయారీకి ఒక్క రోజు గడువంటూ ఉండదు. తొట్టె ఏడాది పొడుగునా దాదాపు అదే స్థితిలో నిలవాలి. వారం వారం కత్తిరింపే అక్కడ అసలు విద్య.

రెండో మలుపు జపాన్‌లో వచ్చింది. నీగాటాకు చెందిన తకాషి అమనో (1954–2015) మొదట వృత్తి సైకిల్ పందెగాడు, ఆ తరువాత అడవుల ఫొటోగ్రాఫర్. 1982లో ఆయన ఆక్వా డిజైన్ అమనో సంస్థను స్థాపించారు. జపనీ తోటల్లో రాళ్ళు పేర్చే సంప్రదాయాన్ని నీటి కిందికి తెచ్చి 'ఇవగుమి' శైలిని రూపొందించారు. ఇందులో రాళ్ళ సంఖ్య సాధారణంగా బేసి. పెద్దదైన ఓయాఇషి ప్రధాన రాయి. మిగిలినవి దానికి లోబడి ఒదుగుతాయి. తొట్టెలోకి కార్బన్ డయాక్సైడ్ పంపడం, పాచి తినడానికి చిన్న రొయ్యలను వదలడం ఆయన ద్వారానే విస్తృతంగా ప్రచారంలోకి వచ్చాయి. ఆ రొయ్యను నేడు 'అమనో రొయ్య' అనే పిలుస్తారు.

2001లో ఆ సంస్థ ఆరంభించిన అంతర్జాతీయ పోటీ తయారీ తీరునే మార్చేసింది. పోటీదారు పంపవలసింది ఒక్క ఫొటో. 2015 నాటికి ఎంట్రీలు 2000 దాటాయి. తొట్టె ఏడాదంతా బాగుండడం కన్నా ఫొటో తీసే రోజున శిఖరాన ఉండడం ముఖ్యమైంది. దాంతో పని అంతా ఆ రోజు నుంచి వెనక్కి లెక్కగట్టి సాగుతుంది.

ముందు నీళ్ళు లేని తొట్టెలో రాళ్ళు, కొయ్యలు పేర్చి, కోణం మార్చి మార్చి చూస్తారు. తేలే కొయ్యను ముందే వారాల తరబడి నానబెడతారు. నేలను వెనకవైపు ఎత్తుగా పోస్తారు. ఆ వాలే దూరాన్ని చూపుతుంది. మాస్ తునకలను దారంతో కట్టడమో, తక్షణ జిగురుతో అతికించడమో చేస్తారు. సన్నని పట్టకారుతో కార్పెట్ మొక్కలను చిన్న చిన్న పిలకలుగా విడదీసి, పక్కపక్కనే గుచ్చుతారు. మొదటి వారాల్లో నీటిని తరచూ మార్చకపోతే పాచి కమ్ముకుంటుంది. కాండం మొక్కలను కొన్నిసార్లు పొట్టిగా కత్తిరిస్తే ప్రతి కొన నుంచి రెండు మూడు చిగుళ్ళు వచ్చి పొద దట్టమవుతుంది. చివరి కత్తిరింపును ఫొటోకు కొన్ని వారాల ముందే ముగిస్తారు. ఆలస్యమైతే కోసిన మోళ్ళు కనిపిస్తాయి, తొందరపడితే పొద ఆకారం చెదిరిపోతుంది.

ఫొటో రోజున అద్దం గీకి తుడిచి, పైపులు, హీటరు తీసేస్తారు. గదిని చీకటి చేసి, అద్దంలో ప్రతిబింబం పడకుండా నల్లగుడ్డ కడతారు. హెయిర్ డ్రయ్యర్‌తో నీటిపై అలలు పుట్టించి వెలుగును చెదరగొడతారు. చేపలు గుంపుగా సరైన చోటికి వచ్చే క్షణం కోసం గంటల తరబడి వేచి ఉంటారు. కలిసి తిరిగే స్వభావం వల్లనే రమ్మీనోస్ టెట్రా పోటీ తొట్టెల్లో అంత తరచుగా కనిపిస్తుంది.

ఫొటో తీర్పు వల్ల మరో ధోరణి బలపడింది. కొండలు, అడవులు, లోయల నమూనాల్లాంటి 'డియోరమా' తొట్టెలు పై స్థానాలకు చేరాయి. నీటి కింద అలాంటి దృశ్యం ఉండదని, చేపలకు అక్కడ చోటు లేదని విమర్శ వచ్చింది. అమనో పోటీ నియమాల్లో చేపల సహజ ఆవాసాన్ని పునఃసృష్టించడానికే 100లో 50 మార్కులు కేటాయించడం ఈ చర్చలో కీలకాంశం. మరోవైపు జర్మనీలోని హానోవర్‌లో జరిగే పోటీల్లో తొట్టెలను ప్రదర్శన స్థలంలోనే కట్టి, కళ్ళెదుటే తీర్పు చెబుతారు. ముందే పెంచి తెచ్చిన మొక్కలను గంటల్లో నాటవలసి రావడంతో అక్కడ వేగం కూడా విద్యలో భాగమైంది. ఇలా మూడు రకాల తీర్పులు మూడు రకాల తయారీలను నిలిపాయి: డచ్చివారిది నిలకడ, జపాన్‌వారిది సమయం, ప్రదర్శన శాలలది వేగం. మొక్క ఎదుగుదల లెక్క మాత్రం మూడింటికీ ఒక్కటే.