చేతి కదలికను విడదీసిన యంత్రము

చేతితో చేయు పనిని యంత్రముచేత చేయింపవలెనను కోరిక మానవునకు చాల ప్రాతది. "రోబో" అను పేరు మాత్రమే క్రొత్తది. 1920లో కారెల్ చాపెక్ అను చెక్ రచయిత వ్రాసిన నాటకము ద్వారా ఈ మాట ప్రపంచమునకు పరిచయమయ్యెను. దానికి మూలమైన చెక్ పదమునకు వెట్టిచాకిరి అని అర్థము. వెట్టి యనగా నేమో తెలంగాణలోని పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు! 1961లో అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రమునందలి జనరల్ మోటార్స్ కర్మాగారమున యూనిమేట్ అను ఇనుప చేయి పనిలో చేరెను. 1992లో అదే దేశమున ఒక ఉన్నత పాఠశాల వ్యాయామశాలలో 28 విద్యార్థి జట్లు తాము కట్టిన రోబోలతో పోటీపడెను. మన దేశమున 2016 నుండి అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు పాఠశాలలలో వెలసినవి. వాటిలో మన పిల్లలును జట్లుగా కూడి చిన్న చిన్న రోబోలను నిర్మించుచున్నారు.

సంతోషింపదగిన విషయమే. కాని పెట్టెలో వచ్చిన భాగములను, దానితో వచ్చిన కాగితములోని బొమ్మ ప్రకారము బిగించిన రోబో నల్లని గీత వెంబడి చక్కగా నడచుటతో పని ముగిసినదని చాల జట్లు తలచుచున్నవి. కాగితములో లేని పనిని ఇచ్చినప్పుడు ఏమి చేయవలెను? ఆలోచన ఎచ్చట మొదలుపెట్టవలెను? ఈ ప్రశ్నకు ఒక చరిత్ర కలదు. అందులో ఒక ముఖ్యమైన అధ్యాయము మనకు దూరమున జరిగినది కాదు. వరంగల్లు నుండి హైదరాబాదునకు రైలులో పోవునప్పుడు దారిలో ఆలేరు స్టేషను వచ్చును. దాని సమీపమునందలి శారాజీపేట గ్రామమున అది ప్రారంభమైనది.

ఆ ప్రాంతమువారు చిటికి పద్ధతిలో పట్టుచీరలు నేయుదురు. పోగును ముందుగా లెక్క ప్రకారము సాగదీసి, అక్కడక్కడ కట్లు కట్టి, రంగులో ముంచి, తరువాత మగ్గమెక్కింతురు. ఈ కట్లు కట్టుటకు ముందు "ఆసు పోయుట" అను పని యున్నది. ఒక వైపున ఒక కొయ్య నిలిచియుండును; దానికి సుమారు ఒక మీటరు దూరమున మేకులు అర్ధచంద్రాకారముగా వరుస తీరియుండును. పోగును చేతబట్టి, కొయ్య నుండి మేకునకు, మేకును చుట్టి మరల కొయ్యకు, ఇట్లు లెక్క తప్పకుండ త్రిప్పుచు పోవలెను. ఒక్క చీరకు ఇట్లు చేయి సుమారు 9,000 సార్లు కదలవలెను. దానికి పట్టు కాలము నాలుగైదు గంటలు. అయిదు గంటలనగా 18,000 సెకనులు. అనగా రెండు సెకనులకొకసారి, విరామము లేకుండ, చేయి చాచి ముడువవలెను. రోజునకు రెండు చీరలైనచో ఈ లెక్క రెట్టింపగును. ఈ పని చేయువారు చాలవరకు ఇంటి స్త్రీలే. భుజము నొప్పి వారికి తప్పని బాధ. ఆసు సాగనిచో మగ్గము నిలిచిపోవును. మగ్గము నిలిచినచో పొయ్యి వెలుగదు. కావున నొప్పి యున్నను చేయి ఆగుటకు వీలులేదు.

చింతకింది మల్లేశంగారి తల్లి లక్ష్మిగారు ఈ పని చేసినవారే. ఆరవ తరగతితో బడి మాని మగ్గముపై కూర్చున్న మల్లేశంగారు తల్లి బాధను చూడలేక 1992లో ఆసు పోయు యంత్రమును చేయుటకు పూనుకొనిరి. యంత్రశాస్త్రమునందు వారికి శిక్షణ లేదు. ఇందు గమనింపదగినది వారు ఎంచుకొన్న మార్గము. చేతిని పోలిన చేతిని నిర్మింపవలెనని వారు ప్రయత్నింపలేదు. చేయి చేయుచున్న పనిని విడదీసి, ఒక్కొక్క కదలికను వేరువేరుగా సాధింపబూనిరి.

మనమును ఒకసారి విడదీసి చూతము. పోగు ముందునకు పోయి వెనుకకు రావలెను, ఇది ఒకటి. మేకును చుట్టవలెను, ఇది వేరు కదలిక, సరళరేఖలో నుండునది కాదు. లెక్క పూర్తికాగానే ప్రక్క మేకునకు జరుగవలెను. ఇంతసేపును పోగు తెగకుండ, వదులు కాకుండ బిగువు ఒకే తీరున నిలువవలెను. స్త్రీల చేయి ఈ నాలుగింటిని ఏకకాలమున, తనకే తెలియకుండ చేయుచున్నది. చూచువానికి అది ఒకే పనిగా కనిపించును. అది ఒకటి కాదని గ్రహించుటలోనే సగము పరిష్కారము కలదని నా అభిప్రాయము.

ఒక్కొక్క భాగము సిద్ధమగుచు వచ్చెను. సంవత్సరములు గడచెను, ఉన్న డబ్బు ఖర్చయ్యెను, ఇరుగుపొరుగువారు నిరుత్సాహపరచిరి. ఒక కదలిక మాత్రము లొంగలేదు. వారు పని నిలిపి, బ్రతుకుతెరువునకై హైదరాబాదు చేరి, విద్యుత్తు పనులు చేయుచుండిరి. 1999లో బాలానగరులో పనికి పోయినప్పుడు అక్కడ నడచుచున్న ఒక యంత్రముపై వారి దృష్టి పడినది. దానికిని చీరలకును సంబంధము లేదు. కాని దానిలోని ఒక కదలిక తమ యంత్రమునకు లోపించిన కదలికయేనని వారికి స్ఫురించెను. ఆ భాగమును తయారు చేయించి బిగింపగా ఆసు యంత్రము నడచెను. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగెను. తల్లి పేరిట దానికి లక్ష్మీ ఆసు యంత్రమని నామకరణము చేసిరి. తరువాతి నమూనాలలో ఎలక్ట్రానిక్ నియంత్రణము గూడ చేరినది. 2011లో పేటెంటు, 2017లో పద్మశ్రీ లభించినవి.

దీనిని అదృష్టమనవచ్చునా? బాలానగరులోని ఆ యంత్రమును ప్రతిదినము ఎందరో చూచుచుండిరి. ఏ కదలిక కావలెనో ఖచ్చితముగా తెలిసినవాడు ఒక్కడే దానిని గుర్తించెను. ఏడేండ్లు పనిని ముక్కలుగా విడదీసి చూచినందున ఆ ఒక్క ఖాళీ ఆకారము వారి మనసులో స్పష్టముగా నిలిచియుండెను.

ఇట్టిదే కుట్టు మిషను చరిత్ర. తొలి ప్రయత్నములు కొన్ని దర్జీ చేతిని అనుకరించి, సూదిని గుడ్డలో నుండి పూర్తిగా ఆవలకు దూర్చి మరల లాగజూచినవి. 1846లో అమెరికాలో పేటెంటు పొందిన ఎలియాస్ హోవ్ యంత్రమున సూది రంధ్రము మొన దగ్గరకు వచ్చెను. సూది గుడ్డను పొడిచి, దారముతో చిన్న ఉచ్చు ఏర్పరచి వెనుదిరుగును. గుడ్డకు ఆవలి వైపుననున్న నాడె రెండవ దారమును ఆ ఉచ్చులో నుండి కొనిపోవును. నాడె యెక్కడిది? మగ్గమునుండి వచ్చినదే! (హోవ్‌కు ముందే, 1830ల తొలి యేండ్లలో, వాల్టర్ హంట్ ఇట్టి యంత్రమునే చేసెను గాని అప్పట్లో పేటెంటు తీసికొనలేదు.) సాలెవాని నాడె దర్జీకి ఉపయోగపడినది, కర్మాగార యంత్రపు కదలిక సాలెవానికి ఉపయోగపడినది.

ఇట్టి ఆలోచనను ఒక పద్ధతిగా మార్చుటకు ఇరువదవ శతాబ్దమున పలువురు ప్రయత్నించిరి. ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్రిట్జ్ జ్విక్కీ ఒక పట్టికను సూచించెను. సమస్యలోని భాగములను నిలువుగా వ్రాసి, ఒక్కొక్కదానికి తోచిన ఉపాయములన్నిటిని అడ్డముగా వ్రాసి, వాటిని కలిపి చూడవలెను. నాలుగు భాగములకు అయిదేసి ఉపాయములున్నచో 625 కలయికలు వచ్చును. నల్లబల్లపై అరగంటలో వేయదగిన ఈ పట్టికను ఉపాధ్యాయులు ప్రయత్నింపవచ్చును. సోవియట్ దేశమున గెన్రిఖ్ ఆల్ట్‌షుల్లర్ వేలకొలది పేటెంటులను పరిశీలించి, ఒక రంగమున పుట్టిన చిక్కు మరియొక రంగమున ముందే విడిపోయియుండుట తరచుగా జరుగునని చూపెను.

అమెరికాలోని అలెక్స్ ఆస్బార్న్ నలుగురు కూర్చుండి, విమర్శ లేకుండ, తోచినదెల్ల చెప్పు పద్ధతిని ప్రచారము చేసెను. ఇదియే మన జట్లలో ఎక్కువగా వాడుకలో నున్నది. అయితే 1958లో యేల్ విశ్వవిద్యాలయమువారు దీనిని పరీక్షించి చూడగా, కలసి కూర్చున్న నలుగురికంటె విడివిడిగా ఆలోచించిన నలుగురి ఊహలను కూడినపుడే సంఖ్య ఎక్కువగా తేలినది. ఒకరు మాటలాడునప్పుడు మిగిలినవారి ఊహ ఆగును. గట్టిగా మాటలాడువాని దారినే తక్కినవారు పోదురు. జట్టులో మౌనముగా నుండు బాలిక కాగితముపై ఏమి వ్రాసినదో ముందు చూచి, చర్చ తరువాత పెట్టుట మేలు.

ఇక పని కొరకు దూరము పోనక్కరలేదు. వరంగల్లు ఏనుమాముల మార్కెట్టునకు వచ్చు మిరపకాయలను తీసికొనుడు. వాటి తొడిమలను స్త్రీలు చేతితో త్రుంచుదురు; ఘాటునకు వ్రేళ్ళు మండును. ఈ పనిని విడదీసినచో ఏమి తేలును? కుప్పనుండి ఒక్క కాయను వేరుచేయుట, తొడిమ ఏ వైపున నున్నదో కనుగొనుట, కాయలన్నిటిని ఒకే దిక్కునకు త్రిప్పుట, కాయ చిట్లకుండ పట్టుట, తొడిమను లాగుట. చూడగా చివరిదే కష్టమని తోచును. కాని అయిదారు కాయలను బల్లపై దొర్లించి చూడుడు. కాయలు తిన్ననివి కావు. కొన్ని వంకర, కొన్ని మెలిక తిరిగినవి. వాటిని ఒకే దిక్కునకు త్రిప్పుటయే అసలు చిక్కు. ధాన్యపు మిల్లులో, సీసాల కర్మాగారములో, మందుబిళ్ళలు నింపుచోట వస్తువులను ఒకే వైపునకు త్రిప్పు కదలికలు కొన్ని కలవు. వాటిలో మిరపకాయకు సరిపోవునది ఏదో విద్యార్థులు పోయి చూచి రావలసియున్నది.