రాకాసి గుళ్ళు ఎవరు కట్టారు?

మేడారం ఉన్న తాడ్వాయి మండలంలోనే దామరవాయి ఉంది. ఆ ఊరి గుట్టల మీద పెద్ద పెద్ద బండలతో కట్టిన గదులున్నాయి. మనవాళ్ళు వాటిని రాకాసి గుళ్ళు అంటారు. మా హాస్టల్ పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు ఆరో తరగతి అమ్మాయి ఒకతి నా కొంగు వదల్లేదు. "అటు పోతే రాకాసి పట్టుకుంటదని మా అవ్వ చెప్పింది మేడం" అంది.

అవ్వ మాటను నేను కొట్టిపారేయలేదు. ఆ భయమే ఇన్నాళ్ళూ ఆ రాళ్ళను కాపాడింది. కానీ అవి గుళ్ళు కావు, సమాధులు. ఇనుము వాడకం వచ్చిన కాలంలో, అంటే రెండు వేల ఏళ్ళకు ముందు, ఈ గోదావరి లోయలో బతికినవాళ్ళు తమ చనిపోయినవాళ్ళకు కట్టిన ఇళ్ళు.

ఇక్కడి ఇసుకరాయి పొరలు పొరలుగా లేస్తుంది. అలా లేపిన పలకలను చుట్టూ నిలబెట్టి, పైన ఒకే పెద్ద బండ కప్పారు. కొన్నింటి లోపల రాతిని తొలిచిన తొట్టి ఉంటుంది. అందులో ఎముకలు పెట్టేవారు. ఆ బండ ఎత్తడం ఒక్క ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు. ఊరంతా రావాలి, వచ్చినవాళ్ళందరికీ వండిపెట్టాలి. మన దగ్గర దినాలకు జరిగేది కూడా అదే కదా!

1868లో మల్హరన్ అనే దొర ఈ గోదావరి సమాధుల గురించి, దగ్గర్లోని శిలువ ఆకారపు రాళ్ళ గురించి రాశాడు. ఆ శిలువలు చూసి కొందరు క్రైస్తవుల పని అనుకున్నారు. మనం రాకాసులన్నాం. మామూలు మనుషులు కట్టారంటే ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు.

వాళ్ళు కోయలే అని కొందరు రాస్తున్నారు. అంత మాట అనడానికి ఆధారం చాలదు. అయితే చనిపోయినవాళ్ళ పేరిట రాయి నిలిపే ఆచారం సవరల్లో, గదబల్లో, బస్తర్ మరియాల్లో ఈమధ్య కాలం దాకా సాగింది. ఆ పని పరాయిది కాదని చెప్పడానికి నాకిది చాలు.

ఇప్పుడు భయం పోయింది, గుప్తనిధుల పిచ్చి వచ్చింది. నిరుడు వెళితే ఒక తొట్టి రెండు ముక్కలై ఉంది, పక్కన కొత్తగా తవ్విన గొయ్యి. ఇలాంటి సమాధుల్లో దొరికేవి చాలావరకు ఎరుపు నలుపు కుండలు, ఇనుప గొడ్డళ్ళు, పూసలు. కూలి ఇస్తామని ఎవరైనా తవ్వడానికి పిలిస్తే పోకండి తమ్ముళ్ళూ. 1878 నాటి చట్టం ప్రకారం నేలలో దొరికిన పాత సొత్తు పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు చెప్పాలి.

సెలవులకు ఊరెళ్ళినప్పుడు మీ గుట్ట మీద ఇలాంటివి ఉన్నాయేమో చూడండి. ఫోటో తీయండి, అడుగుల్లో కొలవండి, అవ్వ వాటిని ఏ పేరుతో పిలుస్తుందో రాసుకోండి. రాయి మాత్రం కదపొద్దు.