మార్లవాయి బడి: గోండి వాచకంతో మొదలైన చదువు

మన మార్లవాయి బడి కథ జోడేఘాట్‌లో మొదలవుతుంది. 1940లో అక్కడ గోండుల తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తేల్చమని నిజాం సర్కారు ఒక మానవ శాస్త్రవేత్తను పురమాయించింది. ఆయనే 1909లో వియన్నాలో పుట్టిన హైమన్‌డార్ఫ్. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో, రెండో ప్రపంచ యుద్ధం రాగానే ఆయన్ని హైదరాబాద్ సంస్థానం దాటకుండా కట్టడి చేశారు. ఆ కట్టడి మన అడవులకు కలిసొచ్చింది.

భార్య బెట్టీ ఎలిజబెత్‌తో ఆయన మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. తిరుగుబాటుకు మూలం భూమేనని తేల్చారు. తాతలనాటి నుంచి దున్నుకుంటున్న చేనుకు గోండు దగ్గర కాగితం లేదు. కొంత రిజర్వు అడవి కిందికి పోయింది, కొంత బయటి నుంచి వచ్చినవాళ్ల పేర పట్టా అయింది. పట్వారీ ఏం రాశాడో చదువుకోగలిగిన గోండు అరుదు. భూమి ఇప్పించినా చదువు రాకపోతే అది చేతిలో నిలవదన్నదే ఆయన ఆలోచనకు ఆయువుపట్టు.

అందుకే 1943లో ఇక్కడ ముందు పంతుళ్లను తయారుచేసే కేంద్రం పెట్టారు. కాస్తో కూస్తో మరాఠీ అక్షరాలు వచ్చిన గోండు యువకులను కూర్చోబెట్టి, వాళ్లనే పంతుళ్లను చేశారు. ఈ ప్రాంతంలో అప్పుడు మరాఠీ చలామణిలో ఉంది కాబట్టి గోండి వాచకాలను నాగరి లిపిలో అచ్చేశారు. ఇంట్లో అమ్మ మాట్లాడే మాటే పుస్తకంలో కనబడితే పిల్లాడికి బడి అంటే బెరుకు పోతుంది. మన బడి సాధించిన వాటిలో అన్నింటికన్నా పెద్దది ఇదేనని నా నమ్మకం. ఇక్కడ చదివినవాళ్లు పంతుళ్లయ్యారు, పట్వారీలయ్యారు, అటవీ శాఖలో కొలువులు చేశారు. భూమి విషయంలోనూ 1946లో గిరిజన ప్రాంతాల చట్టం వచ్చింది.

హైమన్‌డార్ఫ్ ఆ తర్వాత లండన్‌లో ప్రొఫెసరయ్యారు. అయినా 1970లలో మళ్లీ వచ్చి, పట్టా భూములు చేజారుతున్న తీరును 1982 నాటి పుస్తకంలో కళ్లకు కట్టారు. బెట్టీ 1987 జనవరి 11న కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో చనిపోయిన ఆయన అస్థికలు 2012లో ఆమె పక్కకు చేరాయి. ఏటా జనవరి 11న ఊరు వాళ్లిద్దరినీ తలుచుకుంటుంది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక చదువు తెలుగులోకి మారింది, గోండి వాచకం మూలపడింది. తెలుగు రావాల్సిందే, కాదనను. కానీ ఒకటో తరగతి పిల్లాడికి తొలి మెట్టు తీసేయడం అన్యాయం. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఆ లిపిలో అచ్చైన వాచకం ముందుగా మన బడి పిల్లల చేతికే రావాలి.