కోడి కాళ్ల కింది నేల

ఏ కోడికి ముప్పుందో చెప్పమంటే అందరూ కోడి ముఖం చూస్తారు. జుట్టు పాలిపోయిందా, రెక్కలు వేలాడేసిందా, ఓ మూల ముడుచుకుని కునుకుతోందా అని. అవన్నీ నిజమైన గుర్తులే. కాకపోతే అవి కంటికి కనబడే వేళకు జబ్బు తన పని చాలావరకు కానిచ్చేసి ఉంటుంది. గోదావరి జిల్లాల్లో పశువైద్యుడిగా పనిచేసినన్నాళ్లూ నేను షెడ్డులో అడుగుపెట్టగానే ముందు కిందికి చూసేవాణ్ణి. మన కోళ్ల పెంపకం చరిత్రంతా, నా లెక్కలో, కోడి కాళ్ల కింద నేల మారుతూ వచ్చిన చరిత్రే.

మొదట్లో ఆ నేల ఇంటి పెరడు. పగలంతా పెంటకుప్ప కెలికి, పొద్దుగూకితే చెట్టెక్కో గూట్లో దూరో పడుకునే నాటుకోడికి పరాన్నజీవుల కొదవేమీ ఉండేది కాదు. ఏలికపాముల గుడ్లు రెట్టతోపాటు మట్టిలో పడి, మళ్లీ గింజలతోపాటు కడుపులోకి చేరేవి. బద్దెపురుగు చీమలోనో పేడపురుగులోనో పెరిగి, వాటిని మింగిన కోడిలోకి వచ్చేది. గూటి గోడ పగుళ్లలో గోమార్లు పగలు దాక్కుని రాత్రి రక్తం తాగేవి. ఆ గోమారి రక్తం తాగడంతో ఆగదనీ, కోడికి ప్రాణాంతకమైన జ్వరాన్ని కూడా అంటిస్తుందనీ 1903లో బ్రెజిల్‌లో మార్షూ, సాలింబెనీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తేల్చారు. మా అమ్మమ్మకు వాళ్ల పేర్లు తెలియవు. కోడి పచ్చగా పారుకుని తూలుతుంటే మాత్రం ఆవిడ గూటి పగుళ్లు మట్టితో మెత్తించి సున్నం కొట్టించేది. గోమారి తిండి లేకుండా ఏళ్ల తరబడి బతకగలదు కాబట్టి కొన్నాళ్లు గూడు ఖాళీగా వదిలేస్తే సరిపోదు. ఆవిడ చేసిందే సరైన వైద్యం.

ఇన్ని ఉన్నా వీటిని జబ్బులుగా లెక్కపెట్టినవాళ్లు తక్కువ. కారణం కొక్కెర తెగులు. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోనూ జావాలోనూ బయటపడి, ఆ మరుసటేడు కుమావూన్‌లోని రాణిఖేత్‌లో కనబడిన ఆ వైరస్ జబ్బు వచ్చిందంటే ఊళ్లో గూళ్లన్నీ ఖాళీ. అంత పెద్ద చావు ముందు పురుగుల వల్ల పోయే ఒకటీ అరా పిల్ల ఎవరికి ఆనుతుంది? గద్ద తన్నుకుపోయిందనో గాలి సోకిందనో సరిపెట్టుకునేవారు.

తరువాత పెరట్లోంచి ఊక మీదికి వచ్చింది కోడి. లెగ్‌హార్న్ జాతులు, ఆ తరువాత బ్రాయిలర్లు వచ్చాయి. 1971లో బి.వి. రావు పుణెలో వెంకటేశ్వర హ్యాచరీస్ ప్రారంభించాక పిల్లల సరఫరా ఒక పరిశ్రమే అయింది. డెల్టాలో రైసు మిల్లుల పుణ్యమా అని ఊకకు లోటు లేదు. షెడ్డు వేసి, ఊక పరిచి, వేల పిల్లల్ని ఒక్కచోట వదిలారు. చెట్టెక్కి పడుకునే పక్షిని తన రెట్ట మీదే తినేలా, తాగేలా, నిద్రపోయేలా చేశాం. కాక్సీడియోసిస్‌కు ఇంతకంటే పెద్దపీట ఎవరూ వేయలేరు.

రైతులు దాన్ని ముద్దుగా 'కాక్సీ' అంటారు. ముద్దు పేరున్నంత మాత్రాన మంచిది కాదు. అది ఐమీరియా అనే ఏకకణ జీవి పని. కోళ్లలో దీని రకాలు ఒకదానికొకటి వేరని, ఒక్కొక్కటి పేగులో ఒక్కో చోటు ఎంచుకుంటుందని హార్వర్డ్‌కు చెందిన ఎర్నెస్ట్ టైజర్ 1929లో వివరంగా రాశాడు. వాటిలో గుడ్డిపేగుల్ని పట్టే టెనెల్లా అన్నది రక్తం పారించే రకం. దాని తిత్తులు రెట్టతో బయటపడినప్పుడు ఇంకా హాని చెయ్యలేవు. 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం, తేమ, గాలి దొరికితే ఒకటి రెండు రోజుల్లో పదునెక్కుతాయి. మింగిన ఒక్కో తిత్తి వారం తిరిగేసరికి లక్షలుగా బయటికొస్తుంది. శ్రావణంలో మన షెడ్డులో ఆ మూడూ ఉచితంగానే దొరుకుతాయి. రోహిణి కార్తె ఎండల్లో కోళ్లు వడదెబ్బకు చస్తాయి గానీ, ఎండిన ఊకలో కాక్సీకి బలం చాలదు.

అందుకే నేను ముప్పును వెదికేది నీళ్ల తొట్టి చుట్టూ. అక్కడి ఊక గుప్పెడు తీసి గట్టిగా పిసికి వదిలితే పొడిపొడిగా రాలిపోవాలి. ఉండ కట్టిందా, ఆ చుట్టుపక్కల తిరిగే మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లలే ముందు పడబోయేవి. ఇందుకు మైక్రోస్కోపు అక్కర్లేదు. పెద్ద కోళ్ల పక్కనే పిల్లల్ని పెంచే షెడ్డయితే ఊక చూడకుండానే చెప్పొచ్చు. పెద్దవి గతంలో సోకి తట్టుకున్నవి. తాము హాయిగా తిరుగుతూ తిత్తుల్ని మాత్రం రాలుస్తూనే ఉంటాయి.

మందులు రాకపోలేదు. 1948లో సల్ఫాక్వినాక్సలిన్ దాణాలో కలపడం మొదలైంది. తరువాత బి1 విటమిన్‌లా నటించి ఐమీరియాను ఆకలితో చంపే ఆంప్రోలియం, 1971లో అమెరికాలో మోనెన్సిన్ వచ్చాయి. ఇలాంటి మందుల పనితనం కొలవడానికి 1970లో జాన్సన్, రీడ్ అనే ఇద్దరు పేగు మీది మచ్చలకు సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేసే పద్ధతి పెట్టారు. పోస్ట్‌మార్టంలో ఇప్పటికీ అదే కొలబద్ద. అయితే ఒకే మందు ఏళ్ల తరబడి వాడితే ఐమీరియా దానికి అలవాటుపడుతుంది. 'దాణాలో మందుంది కదండీ' అని తడి ఊకను అలాగే వదిలేసిన రైతుల్ని ఎందరినో చూశాను.

ఎనభైల నుంచి గుడ్ల కోళ్లు తీగ కేజ్‌ల మీదికెక్కాయి. అనపర్తి, తణుకు వైపు ఈ మార్పు నా కళ్లముందే జరిగింది. రెట్ట కిందికి జారిపోయింది, లేయర్లలో కాక్సీ దాదాపు మాయమైంది. ఏ మందూ చెయ్యలేని పని ఇనుప తీగ చేసింది. బదులుగా కింద పేరుకున్న రెట్టలో ఈగలు పుట్టాయి. ఈగను మింగిన కోడికి కేజ్‌లో కూడా బద్దెపురుగు వస్తుంది. చీమ, పేడపురుగు చేసిన పని ఇక్కడ ఈగ చేస్తుంది. కోడి రెక్క విప్పుకోలేని ఆ ఇరుకు గురించి నాకూ అభ్యంతరాలున్నాయి. పరాన్నజీవుల వరకే మాట్లాడితే మాత్రం తీగే గెలిచింది.

ఇప్పుడు కోడి మళ్లీ నేల మీదికి దిగుతోంది. హైదరాబాద్ రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ ఇచ్చిన వనరాజా, గ్రామప్రియ రకాల కోళ్లు పెరళ్లలో తిరుగుతున్నాయి. చదువుకున్న కుర్రాళ్లు మామిడితోటల్లో నాటుకోళ్ల ఫారాలు పెడుతున్నారు. నాటుకోడికి రోగం రాదన్న నమ్మకం వాళ్లలో బలంగా ఉంది. పెరట్లో పది తిరిగినప్పుడు నిజమనిపించిన మాట అది. ఎకరంలో వెయ్యి తిరిగితే అది పెరడు కాదు, కప్పులేని షెడ్డు.

ఆ కుర్రాళ్లకు నా మనవి ఇంతే. వానలకు ముందే తోటను రెండు మూడు మళ్లుగా విడదీసి, కోళ్లను మార్చి మార్చి వదలండి. పిల్లల్ని పెద్దవాటితో కలపకండి. పిల్ల చచ్చిపోతే పెంటకుప్ప మీద పారేయకుండా, కుళ్లకముందే ఆ పూటే పశువుల ఆసుపత్రికి పట్టుకెళ్లి కోయించండి.