గాల్లో తాగే మందు, నేల మీద పుట్టుక

1932 అక్టోబరులో టాటాల టపా విమానం కరాచీ నుంచి మద్రాసుకు తొలిసారి వచ్చినప్పుడు దారిలో బళ్ళారిలో దిగింది. బొంబాయి దాకా జేఆర్‌డీ టాటా నడిపితే, అక్కణ్ణుంచి నెవిల్ విన్సెంట్ అందుకున్నాడు. బళ్ళారి నుంచి మద్రాసుకు తిన్నగా పోవాలంటే మా అనంతపురం మెట్టల వైపు నుంచే. ఆ బుల్లి పుస్ మాత్ విమానంలో ఉత్తరాల సంచులకే చోటు. మందూ లేదు, పోసేవాళ్ళూ లేరు.

విమానయానం పేరు పెట్టుకున్న కాక్‌టెయిల్ మాత్రం అప్పటికే ఉంది. న్యూయార్క్‌లోని వాలిక్ హోటల్ బార్‌లో పనిచేసిన హ్యూగో ఎన్‌స్లిన్ 1916లో అచ్చేసిన పుస్తకంలో ‘ఏవియేషన్’ కనిపిస్తుంది: జిన్, నిమ్మరసం, మారస్కినో అనే చెర్రీ మద్యం, పైన కాస్త వయొలెట్ పూల మద్యం. ఆ చివరిదాని వల్లే పొద్దుగూకే ఆకాశం రంగు. 1930లో లండన్ సవాయ్ హోటల్ పుస్తకం ఆ పూల మద్యాన్ని ఎత్తేసింది. రంగు పోయాక ఆ పేరుకు అర్థమేముంది? నన్నడిగితే అది ఏవియేషనే కాదు.

అసలైన విమాన పానీయం ఐరిష్ కాఫీ. అదీ గాల్లో పుట్టలేదు. అట్లాంటిక్ దాటే ‘ఎగిరే పడవలు’ ఐర్లండ్‌లోని ఫోయిన్స్ దగ్గర నీళ్ళ మీద వాలేవి. 1940ల మొదట్లో ఓ చలికాలపు రాత్రి, అమెరికాకు బయల్దేరిన విమానం వాతావరణం బాగాలేక వెనక్కొచ్చేసింది. వణుకుతూ దిగినవాళ్ళకు వంటవాడు జో షెరిడాన్ కాఫీలో విస్కీ కలిపిచ్చాడంటారు. పద్ధతి తేలికే, ఓపికే కావాలి. గ్లాసును వేడినీళ్ళతో కాచి, ముదురు చక్కెర, విస్కీ వేసి, చిక్కటి కాఫీ పోసి కలపాలి. ఆపైన చెంచా బోర్లించి, దాని వీపు మీదుగా మీగడ జార్చాలి. మీగడ మునిగిందా, పని చెడినట్టే. 1952లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని బ్యూనా విస్టా కెఫే వాళ్ళు దీన్ని చేయబోయి మొదట ఆ మీగడ దగ్గరే తంటాలు పడ్డారు.

ఇక గాల్లో తాగేవాటి సంగతి. విమానంలో గాలి పొడి, పైగా ఇంజన్ల హోరు. తీపి, ఉప్పు నాలుకకు సరిగా ఆనవు. టమోటా రసం రుచి మాత్రం నిలుస్తుంది. అందుకే ఇంట్లో ముట్టనివాళ్ళు కూడా పైన టమోటా రసంతో చేసే బ్లడీ మేరీ అడుగుతారు. మే నెలలో అనంతపురం చూసినవాళ్ళకు ఆ పొడిగాలి గురించి వేరే చెప్పాలా!

1948 జూన్‌లో ఎయిరిండియా ‘మలబార్ ప్రిన్సెస్’ బొంబాయి నుంచి లండన్‌కు ఎగిరింది. అదే ఏడాది అక్టోబరుకల్లా మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం. మా జిల్లా అప్పుడు ఆ రాష్ట్రంలోదే. లండన్ విమానాలు ఎగరడం మొదలైన ఏడాది ముగిసేసరికి కింద మా నేల మీద ఈతకల్లు కూడా దొంగసరుకే.