ధ్వనిసామ్యము – శబ్దబాంధవ్యము

రెండు శబ్దములు చెవికి నొక్కతీరుగ వినఁబడినంతమాత్రమున నవి యొక్కతల్లి బిడ్డలని యెంచుట భాషాచరిత్రమునఁ దఱచుగఁ గానవచ్చు ప్రమాదము. ఆంగ్లశబ్దముల విషయమున నిది మఱింత హెచ్చు. ఆ భాష యనేకదేశముల మాటలను దనలోఁ జేర్చుకొని తన యుచ్చారణమున కనుగుణముగ మలఁచుకొనినది. అట్టి మాటలు కొన్ని భద్రాచలారణ్యసీమయందే పరీక్షకు లభించుచున్నవి.

చర్ల గోదావరి కెడమవైపున, భద్రాచలమునకు నెగువ నున్నది. ఈ సీమ 1860లో నిజాము ప్రభుత్వమునుండి యాంగ్లేయుల వశమై యెగువ గోదావరిజిల్లాగ నేర్పడెను. 1874లో చెన్నరాజధానిలోని గోదావరిజిల్లాకును, 1959లో ఖమ్మముజిల్లాకును మాఱెను. 2016 నుండి చర్ల భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనిది. చర్లకును భద్రాచలమునకును నడుమనున్న దుమ్ముగూడెమున 19వ శతాబ్దమున నదికి నానకట్ట కట్టిరి. సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టిన యెగువ గోదావరి నౌకాయానప్రయత్నములో నది యొక భాగము. ఆ ప్రయత్నము 1871లో నిలిచిపోయెను. దానితోఁ జేరిన మాటలు మాత్రము నిలిచియున్నవి.

వానిలో మొదటిది ఆంగ్లేయులు వాడిన ‘ఆనికట్’ అను శబ్దము. దీని తుదినున్న ‘కట్’ అనునది ఖండనార్థకమగు నాంగ్లక్రియ యనియు, నదినుండి కాలువలు చీల్చుటచే నా పేరు వచ్చెననియు విద్యార్థి యూహింపవచ్చును. ఊహ పొందికగనే యుండును. కాని సత్యము కాదు. అరవమున ‘అణై’ యనఁగా నడ్డుకట్ట, ‘కట్టు’ అనఁగా నిర్మాణము. ‘అణైక్కట్టు’ అను నా సమాసమే ఆంగ్లమున ‘ఆనికట్’ ఆయెను. తెలుఁగున నానకట్ట దానికి జ్ఞాతి. చెవికి రెండు నొక్కటే, అర్థమున నొకటి కూర్చుట, వేఱొకటి త్రెంచుట. ధ్వని యెంత మోసపుచ్చఁగలదో చూపుట కీ యొక్క యుదాహరణమే చాలును.

ఒక్కభాషలోనే యిట్టి చిక్కులు గలవు. నావలను నొక నీటిమట్టమునుండి వేఱొకమట్టమునకుఁ జేర్చు కాలువద్వారమును గోదావరీతీరవాసులు లాకు అందురు. అది తాళమునకుఁ బేరగు నాంగ్లశబ్దమే. ఆంగ్లమునఁ గేశముల పాయకును ‘లాక్’ అనియే పేరు. ప్రాచీనాంగ్లమున నవి వేర్వేఱు శబ్దములు. కాలక్రమమున నుచ్చారణ మొక్కటయ్యెను. అట్లే ‘కాట్’ అను శబ్దము చిన్నగుడిసెకుఁ బేరైనపుడు ప్రాచీనాంగ్లపదము. మంచమునకుఁ బేరైనపుడు హిందీ ‘ఖాట్’ నుండి వచ్చినది. ఖాట్ అనునది సంస్కృత ఖట్వాశబ్దభవము. ఆ ఖట్వాశబ్దమును సైతము ద్రావిడమగు ‘కట్టిల్’ అను మాటతోఁ గొందఱు భాషావేత్తలు ముడివెట్టుచున్నారు.

దీనికి విపర్యయము ‘బండ్’ అను మాట. చెఱువుగట్టున కాంగ్లేయులు వాడు నీ శబ్దము పారసీకమునుండి హిందూస్థానీద్వారా వారి భాషలోఁ జేరెను. కట్టుట యను నర్థముగల ‘బైండ్’ అనునది వారి స్వభాషాపదము. ఈ రెండును మన బంధధాతువునకు జ్ఞాతులే. ఒకటి యింటఁ బెరిగినది, వేఱొకటి దూరదేశమునఁ బెరిగి యింటికి వచ్చినది. ఇచట ధ్వనిసామ్యము నిజమైన బాంధవ్యమునే సూచించుచున్నది.

తెలుఁగుమాట యాంగ్లవేషము దాల్చుటయుఁ గలదు. పందికొక్కు ఆంగ్లేయుల నోట ‘బాండికూట్’ ఆయెను. ‘కూట్’ అనుపేర వారి భాషలో నొక నీటిపక్షి కలదు. దానికిని దీనికిని సంబంధము లేదు. తరువాత నాస్ట్రేలియాలో నెలుకజాతికిఁ జెందని యొక సంచిజంతువున కీ పేరే పెట్టిరి. టేకు సైతము మలయాళమునుండి పోర్చుగీసువారిద్వారా నాంగ్లమునకుఁ బోయినది. కనుకఁ జర్ల యడవులలోని టేకునకు నాంగ్లేయులు పేరు పెట్టిరనుట తాఱుమాఱు. పరభాషాపదమును బరిచితధ్వనులలోనికి మార్చుకొను నీ స్వభావమునకు యూల్, బర్నెల్ పండితులు 1886లో వెలువరించిన ‘హాబ్సన్ జాబ్సన్’ నిఘంటువు పేరే నిదర్శనము. మొహరమునాఁటి ‘యా హసన్, యా హుసేన్’ అను పిలుపును సిపాయిదొరలు తమ యింటిపేర్లుగ వినిరి.

నిరుక్తకారుఁడగు యాస్కుఁ డక్షరసామ్యముచేతనైనను నిర్వచింపవచ్చునని యనుమతించెఁగదా యని యాక్షేపింపవచ్చును. కాని యా మహర్షి యర్థమునే ప్రధానముగఁ గొనెను. ఆ యనుమతియు వైదికశబ్దముల కేర్పడినది. భిన్నభాషలను బోల్చుట కది సాధనము కాదు. అచట వలసినది సామ్యము కాదు, నియమము. 1786లో సర్ విలియం జోన్స్ సంస్కృత గ్రీకు లాటినుల కేకమూలము నూహించెను. తరువాత గ్రిమ్ పండితుఁడు 1822లో వర్ణపరిణామనియమములను బ్రకటించెను. పాదము ‘ఫుట్’, పిత ‘ఫాదర్’. దశ ‘టెన్’, దంతము ‘టూత్’. మన పకార ముండుచోట వారి ఫకారము, దకార ముండుచోట టకారము వరుస తప్పక కానవచ్చును. చెవికి దూరమైనను నివి సోదరములు. చెవికి దగ్గఱయైనను ‘కట్టు’, ‘కట్’ పరాయివి.

ఈ న్యాయమే ద్రావిడభాషలకును జెల్లును. 1816లో క్యాంబెల్ దొర తెలుఁగువ్యాకరణమునకుఁ జేర్చిన వ్యాసమున ఎల్లిస్ దొర, మామిడి వెంకయ్యగారి విభాగము నాధారముగఁ గొని, తెలుఁగునకు సంస్కృతము జనని కాదని నిరూపించెను. అరవమున ‘యాఱు, ఆఱు’ అనఁగా నది, తెలుఁగున ఏఱు. ‘యాండు, ఆండు’ అనఁగా సంవత్సరము, తెలుఁగున ఏఁడు. ‘యాడు, ఆడు’ అనఁగా మేఁక, తెలుఁగున నేట. యకారపూర్వకమగు నాకారమునకు మన భాషలో నేకారము వచ్చుట నియమము. సంఖ్యావాచియగు అరవపు ‘ఆఱు’నకు యకారము లేదు గనుక నది తెలుఁగునను ‘ఆఱు’గనే నిలిచెను. అరవమున నొక్కటిగ వినఁబడు రెండు శబ్దముల భేదమును దెలుఁగు కాపాడెను. నదీవాచియగు నేఱు శకటరేఫము గలది. ధాన్యము నేరుటలోనిది సాధురేఫము. పూర్వలాక్షణికులు పట్టుపట్టిన యా భేదము నిరర్థకము కాదని దీనిచేఁ దెలియును.

చర్ల ప్రాంతపుఁ గోయలు నీటిని ‘ఏరు’ అందురు. తెలుఁగుమాత్రమే యెఱిఁగిన గురువునకు, బాలుఁడు ప్రవాహవాచిని నీటికి వాడి పొరపడెనని తోఁచును. అది పొరపాటు కాదు. కోయ గోండీకుటుంబమునకుఁ జెందిన భాష. దుమ్ముగూడెమున నివసించిన మిషనరీ జాన్ కెయిన్ 1881లోఁ గోయలను గోండులలో దక్షిణశాఖగఁ బేర్కొనెను. 1906లో వెలువడిన భారతభాషాసర్వేక్షణపు నాల్గవసంపుట మా భాషను గోండీతోనే చేర్చెను. తెలుఁగు నేఱును, కోయ యేరును మూలద్రావిడమునుండి వేర్వేఱుగ దిగివచ్చినవి. ఒకదాని కర్థము ప్రవాహము, వేఱొకదాని కర్థము జలము. ఏదియు రెండవదాని కపభ్రంశము కాదు.

ధ్వనిసామ్యమును నమ్మి పరాయిశబ్దమును బంధువని యనుట యొక దోషము. స్వతంత్రమగు సోదరభాషను దనకుఁ జెడిన రూపమని యనుట రెండవది. మొదటిదానిచే నిఘంటువు చెడును. రెండవదానిచేఁ దన తల్లిభాష తప్పులకుప్ప యని నమ్మి బడిలో బాలుఁడు నోరు మూసికొనును. కావున శబ్దముల పూర్వరూపమును, వర్ణనియమమును, వాని ప్రయాణమార్గమును విచారించి పిదపనే బాంధవ్యమును నిర్ణయింపవలెను. అరణ్యసీమలోని యుపాధ్యాయున కీ విచారము పాండిత్యవినోదము గాదు, నిత్యకర్తవ్యము.