రక్షణ వ్యూహంపై ప్రేక్షకుల వాదం: అమెరికా కళాశాల ఫుట్‌బాల్ చరిత్రలో ఒక పార్శ్వం

అమెరికా విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్‌ను తరతరాలుగా అంటిపెట్టుకున్న అభిమానులు తమ జట్టు ఓడినప్పుడు ముందుగా వేలెత్తి చూపేది ఆటగాణ్ణి కాదు, కోచ్‌ను. కోచ్ చేసిన పనుల్లోనూ వారు ముందుగా తప్పుపట్టేది అతని రక్షణ వ్యూహాన్ని. ఈ అలవాటుకు కారణం కొంత ఆట స్వభావంలోనూ, కొంత విద్యాసంస్థ మర్యాదలోనూ ఉంది. ఆడేవారు ఇరవై ఏళ్లు అటూ ఇటూ ఉన్న విద్యార్థులు, చదువు ముగియగానే వెళ్లిపోయేవారు, ఇటీవలి వరకు నియమాల ప్రకారం జీతం పుచ్చుకోకూడనివారు. అటువంటి కుర్రవాణ్ణి నలుగురిలో దూషించడం సభ్యత కాదన్న భావం బలంగా ఉండటంతో, జీతం తీసుకుంటూ ఏళ్ల తరబడి ఉండే కోచ్ మీదికి కోపమంతా మళ్లింది. కోపానికి ఒక శాస్త్రీయమైన రూపం కావలసి వచ్చినప్పుడు వ్యూహం మీద విమర్శ అందుకు బాగా ఒదిగింది.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో బంతిని తన్నే ఆట కాదు. బంతిని చేత పట్టి పరిగెత్తుతూ, ఒకరికొకరు విసురుకుంటూ ప్రత్యర్థి చివరి గీతను దాటించే ఆట ఇది. పక్షానికి పదకొండు మంది ఉంటారు. బంతి చేతిలో ఉన్న పక్షానికి పది గజాలు ముందుకు సాగడానికి నాలుగు అవకాశాలు దక్కుతాయి, వీటిని డౌన్‌లు అంటారు. ప్రతి డౌన్‌కు ముందు ఆట ఆగుతుంది, రెండు పక్షాలూ ఒక గీతకు అటూ ఇటూ బారులు తీరుతాయి. క్రికెట్‌లో బౌలర్ పరుగు అందుకోకముందే స్లిప్‌లో ఎందరుండాలి, బౌండరీ దగ్గర ఎందరుండాలి అని చూసేవాడు తగువుకు దిగినట్టే, ఈ విరామంలో రక్షక పక్షం ఎలా నిలబడిందన్నదే అమెరికా అభిమాని తగువుకు ముడిసరుకు. ముందు వరుసలో చేయి నేలకు ఆన్చి వంగి నిలిచేవారు లైన్‌మెన్. వారి వెనుక నిలిచేవారు లైన్‌బ్యాకర్లు. విసిరిన బంతిని అడ్డుకోవడానికి అందరికంటే వెనుక, అంచుల్లో ఉండేవారు కార్నర్‌బ్యాక్‌లు, సేఫ్టీలు. ఈ వరుసల్లోని సంఖ్యలే వ్యూహానికి పేరవుతాయి: 4-3 అంటే ముందు నలుగురు, వారి వెనుక ముగ్గురు, మిగిలిన నలుగురు చివరన, 3-3-5 అంటే ముందు వరుస నుంచి ఒకణ్ణి తీసి చివరి వరుసలో చేర్చిన అమరిక.

1869 నవంబరు 6న న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్‌విక్‌లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలలు ఇరవై ఐదేసి మందితో తలపడ్డప్పుడు కోచ్ అనేవాడే లేడు, వ్యూహమని చెప్పుకోదగ్గదీ లేదు. ఆటను ఆపి, మళ్లీ మొదలుపెట్టే పద్ధతి యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన వాల్టర్ క్యాంప్ ప్రతిపాదనలతో వచ్చింది: 1880లో జట్టుకు పదకొండు మంది, ఇరుపక్షాలను విడదీసే గీత స్థిరపడ్డాయి, 1882లో మూడు డౌన్‌లలో ఐదు గజాలు సాగాలన్న నియమం తోడైంది. క్యాంప్ గడియారాల కంపెనీలో ఉద్యోగి కావడంతో పగటి సాధనకు రాలేకపోయేవాడు. ఆయన భార్య ఆలిస్ మైదానానికి వెళ్లి, చూసినదంతా సాయంత్రం ఆయనకు వివరించేది. జట్టు మాత్రం విద్యార్థి నాయకుడి చేతిలోనే ఉండేది. గట్టున నిలబడి ఆటను చదివి, తీర్పు చెప్పే పని జీతగాడైన కోచ్ కంటే ముందే పుట్టిందనడానికి ఆమె పరిశీలనే సాక్ష్యం.

ఆనాటి చరిత్రలో ఇంతకంటే విచిత్రమైన ఉదాహరణ లోరిన్ డీలాండ్. బోస్టన్‌కు చెందిన ఈ వ్యాపారి ఎన్నడూ ఫుట్‌బాల్ ఆడినవాడు కాడు. చదరంగమన్నా, సైనిక వ్యూహాలన్నా మక్కువ గలవాడు. ఆటను చూడటం మొదలుపెట్టిన తరువాత, ఎక్కువమంది బలాన్ని ఒక్క బిందువు మీద కేంద్రీకరించవచ్చన్న సూత్రంతో ఆయన హార్వర్డ్ జట్టుకు ఒక ఎత్తు నేర్పాడు. 1892లో యేల్‌తో జరిగిన పోటీలో ద్వితీయార్ధం మొదలవుతూనే హార్వర్డ్ ఆటగాళ్లు రెండు గుంపులుగా దూరం నుంచి పరిగెత్తుకు వచ్చి, బంతి పట్టినవాడి చుట్టూ చీల ఆకారంలో కలిసి, నిలుచున్న ప్రత్యర్థుల మీదికి దూసుకుపోయారు. ఎగిరే చీల అన్న పేరుతో అది దేశమంతా పాకింది. గాయాలు మితిమీరడంతో 1894 నాటి నియమాలు దానికి అడ్డుకట్ట వేశాయి. ఆ పోటీలో గెలిచింది మాత్రం 6-0తో యేల్. అభిమానుల వ్యూహచర్చలకు డీలాండ్‌ను ఆదిపురుషుడిగా తలచుకోవచ్చు గాని, ఆయన కథను చెప్పుకునేవారు ఈ ఫలితాన్ని సాధారణంగా వదిలేస్తారు.

1905 నాటికి మైదానంలో మరణాలు పెరిగి, అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ విశ్వవిద్యాలయాల ప్రతినిధులను శ్వేతసౌధానికి పిలిపించవలసి వచ్చింది. మరుసటి ఏడు బంతిని ముందుకు విసరడం చట్టబద్ధమైంది. 1912లో నాలుగు డౌన్‌ల పద్ధతి వచ్చింది. ఈ మార్పులతోనే రక్షణ వ్యూహాల అసలు చరిత్ర మొదలవుతుంది. విసిరే బంతి లేనంత కాలం రక్షకులు ముందు వరుసలో ఏడెనిమిది మందిని కుక్కి నిలిపేవారు. బంతి తలల మీదుగా పోగలిగిన తరువాత ఆ వరుస నుంచి ఒక్కొక్కరే వెనక్కి జరిగారు: ఏడుగురు ఆరుగురయ్యారు, తరువాత ఐదుగురు, నలుగురు, చివరికి ముగ్గురు. వందేళ్ల రక్షణ వ్యూహాల పరిణామాన్ని ఈ వెనకడుగుగా చదవవచ్చు. అయితే వెనక్కి జరిగిన ప్రతిసారీ గ్యాలరీలోని మనిషికి అది తెలివిగా గాక మెతకదనంగా తోచింది. అంకెలు మారుతూ వచ్చాయి గాని, పౌరుషమా, లెక్కా అన్న తగాదా మాత్రం మారలేదు.

1920లలో భారీ స్టేడియంలు, రేడియో, పత్రికల క్రీడా పుటలు కోచ్‌ను జాతీయ వ్యక్తిగా నిలబెట్టాయి. 1929లో కార్నెగీ ఫౌండేషన్ నివేదిక కళాశాల క్రీడలు వ్యాపారమయమయ్యాయని తూర్పారబట్టినా జనాదరణ తగ్గలేదు. ఓడిన తరువాత అన్నీ తెలిసినట్టు తీర్పులు చెప్పేవారిని సోమవారం ఉదయపు క్వార్టర్‌బ్యాక్‌లని 1931లో హార్వర్డ్ ఆటగాడు బారీ వుడ్ ఎత్తిపొడిచాడని ప్రసిద్ధి; క్వార్టర్‌బ్యాక్ అంటే దాడి పక్షాన్ని నడిపించే ఆటగాడు, పోటీలు జరిగేది శనివారం. ఎత్తిపొడుపును అభిమానులు బిరుదుగా స్వీకరించి, ఊరూరా క్వార్టర్‌బ్యాక్ క్లబ్బులు పెట్టుకున్నారు. వ్యాపారులు, వకీళ్లు, పూర్వ విద్యార్థులు వారానికొకసారి భోజనానికి కూడేవారు. కోచ్ వచ్చి శనివారం ఆట ఫిల్మును ప్రొజెక్టర్ మీద ఆడించి, ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎందుకు నిలబడ్డారో విడమరచి చెప్పేవాడు. విరాళాలిచ్చే పెద్దల ప్రశ్నలను కోచ్ తోసిపుచ్చలేకపోయేవాడు. అయినా ఫిల్ము అతనిది, దాన్ని ఆపేదీ తిప్పేదీ అతనే. వాదం జరిగినా అది అతను గీసిన బరిలోనే జరిగింది.

నేటి అభిమానిని ఆశ్చర్యపరచే విషయం మరొకటుంది. కోచ్ పోటీ సాగుతుండగా మైదానపు అంచు నుంచి సూచనలివ్వడం 1960ల ద్వితీయార్ధం వరకు కళాశాల నియమాలకు విరుద్ధం; ఆట నేర్పవచ్చు గాని, ఆడుతున్నవారిని నడపకూడదన్నది పాత ఆదర్శం. దాన్ని లోపలి నుంచి కరిగించినది ఆటగాళ్ల మార్పిడి నియమం. 1941లో ఆ నియమం సడలేవరకు అదే పదకొండు మంది దాడికీ రక్షణకూ దిగేవారు. 1945లో ఆర్మీ జట్టును ఎదుర్కోవలసి వచ్చినప్పుడు మిషిగన్ కోచ్ ఫ్రిట్జ్ క్రైస్లర్ దాడికి ఒక దళాన్నీ, రక్షణకు మరొక దళాన్నీ వేరుచేసి నిలిపాడు. మిషిగన్ 28-7తో ఓడినా పద్ధతి నిలిచింది. 1953లో నియమాలు మళ్లీ బిగిసినా 1960ల మధ్యకు అది తిరుగులేనిదైంది. రక్షణకు వేరే దళం ఏర్పడటంతో దానికి వేరే కోచ్ వచ్చాడు. డిఫెన్సివ్ కోఆర్డినేటర్ అన్న ఆ పదవితో అభిమానుల ఆగ్రహానికి ప్రధాన కోచ్ కంటే ముందు నిలిచే మరొక లక్ష్యం దొరికింది.

వ్యూహం కంటే ధైర్యమే విచారణకు గురైన ఘట్టం 1966 నవంబరు 19న ఈస్ట్ లాన్సింగ్‌లో వచ్చింది. దేశంలో మొదటి రెండు స్థానాల్లో ఉన్న నోటర్ డేమ్, మిషిగన్ స్టేట్ 10-10తో సమంగా ఉండగా, చివరి క్షణాల్లో బంతి చేతిలో ఉన్న నోటర్ డేమ్ కోచ్ ఆరా పార్సీజియన్ సాహసించకుండా కాలం గడిపి ఆటను డ్రాగా ముగించాడు. ఆయన జట్టే ఆ ఏడు అగ్రస్థానంలో నిలిచింది, అంటే లెక్క ఫలించింది. అయినా పిరికితనమన్న నింద దశాబ్దాల పాటు ఆయనను వదల్లేదు. ఐదేళ్లు తిరగకముందే, 1971 జనవరి 1న, అదే పార్సీజియన్ వరుసగా ముప్ఫై పోటీలు నెగ్గిన టెక్సస్ జట్టు దాడి అమరికకు అద్దంలో ప్రతిబింబంలా రక్షకులను నిలిపి 24-11తో ఓడించాడు. ఈ రెండో పోటీని గుర్తుంచుకున్నవారు తక్కువ. మెరుగైన వ్యూహం కంటే చేయని సాహసమే ఎక్కువకాలం జ్ఞాపకముండటం ఈ చరిత్రలో పదేపదే కనిపిస్తుంది.

1984లో అమెరికా సుప్రీంకోర్టు కళాశాల క్రీడా సంఘం టెలివిజన్ ప్రసారాలపై విధించిన పరిమితులను కొట్టివేయడంతో శనివారాలు ప్రసారాలతో నిండిపోయాయి. అంతవరకు కోచ్ చేతిలోనే ఉన్న ఫిల్ము ఇంటింటి టేపు రికార్డరులోకి వచ్చింది. 1990లలో ప్రబలిన కళాశాల ఫుట్‌బాల్ వీడియో ఆటలు మరొక మెట్టు ఎక్కించాయి: వాటిలో ప్రతి డౌన్‌కూ వ్యూహాన్ని ఆడేవాడే ఎంచుకోవాలి గనుక, కవర్ 2 అంటే మైదానపు లోతును ఇద్దరు సేఫ్టీలు సగం సగం కాయడమనీ, కవర్ 3 అంటే ముగ్గురు మూడు భాగాలుగా పంచుకోవడమనీ బడి పిల్లలకు సైతం కంఠస్థమైంది. క్లబ్బు భోజనాల నాటి తీరికైన సంభాషణ స్థానంలో కోచ్ పరిభాషనే కోచ్ మీద ప్రయోగించే తరం వచ్చింది.

ఆ తరం చేసిన వాదాలన్నిటిలోనూ నిశితంగా చూడదగ్గది 2008-2010 నాటి మిషిగన్ వివాదం. వెస్ట్ వర్జీనియాలో ఘనవిజయాలు సాధించిన రిచ్ రోడ్రిగెజ్ ప్రధాన కోచ్‌గా వచ్చాడు. అక్కడ 3-3-5 వ్యూహాన్ని నడిపిన జెఫ్ కాస్టీల్ మాత్రం ఆయన వెంట రాలేదు. తొలి ఏడాదే పర్డూపై ఆ వ్యూహాన్ని హఠాత్తుగా ప్రయోగించి 48-42తో ఓడారు. ఆ సీజన్ మూడు గెలుపులు, తొమ్మిది ఓటములతో ముగిసి రక్షణ కోచ్ మారాడు. కొత్తగా వచ్చిన గ్రెగ్ రాబిన్సన్ నలుగురిని ముందు నిలిపే పద్ధతిలో పేరు తెచ్చుకున్నవాడు. 2010లో ఆయన చేత 3-3-5 నడిపించారు. ఫలితంగా రక్షణలో మిషిగన్ దేశంలోని నూట ఇరవై జట్లలో 110వ స్థానానికి పడిపోయింది. ఇల్లినాయ్‌తో అదనపు సమయంలోకి సాగిన పోటీని గెలవడానికి 67 పాయింట్లు చేయవలసి వచ్చింది, ఎందుకంటే 65 ఇచ్చుకున్నారు. 2011 జనవరిలో రోడ్రిగెజ్ ఉద్యోగం పోయింది.

అభిమానులు రెండు శిబిరాలయ్యారు. బలిష్ఠమైన జట్లు నేరుగా ఢీకొట్టే ఆ ప్రాంతపు ఫుట్‌బాల్‌కు ముగ్గురు లైన్‌మెన్ చాలరని, వ్యూహమే తప్పని ఒక పక్షం వాదించింది. వెనుక వరుసలో అనుభవం లేని కుర్రవాళ్లుండగా ఏ వ్యూహమైనా ఒకటేనని, తనకు అలవాటు లేని పద్ధతిని కోచ్ చేత నేర్పించడమే నేరమని రెండో పక్షం అంది. మరుసటి ఏడు గ్రెగ్ మ్యాటిసన్ 4-3తో, చాలావరకు అదే ఆటగాళ్లతో, జట్టును 17వ స్థానానికి చేర్చినప్పుడు మొదటి పక్షం తామే గెలిచామనుకుంది. కాని మ్యాటిసన్ మార్చినది అంకెలను మాత్రమే కాదు. తనకు బాగా తెలిసినదాన్ని తానే నేర్పాడు. కొన్నేళ్లకు అయోవా స్టేట్‌లో జాన్ హీకాక్ ముందు ముగ్గురినే ఉంచి, ఎనిమిది మందిని వెనక్కి పంపే అమరికతో బంతిని ఎక్కువగా విసిరే జట్లను ఇబ్బంది పెట్టి, అనేక కోచ్‌లకు ఆదర్శమయ్యాడు. వ్యూహం దానంతట అదే దోషి అన్న వాదానికి ఇది గట్టి జవాబు. రెండో పక్షం మాటే సత్యానికి చేరువ.

రాబిన్సన్ కథ అక్కడితో ముగియలేదు. 2013 సెప్టెంబరులో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం చేతిలో టెక్సస్ 550 గజాల పరుగులు సమర్పించుకుని ఓడిన మరునాడే రక్షణ కోచ్ మానీ డియాజ్‌ను తప్పించారు. ఆ స్థానంలో కూర్చున్నది మిషిగన్‌లో నవ్వులపాలైన రాబిన్సనే. 2004లో ఆయన టెక్సస్ రక్షణను నడిపిన ఇద్దరు కోచ్‌లలో ఒకడు కావడంతో, అక్కడి అభిమానులకు ఆయన గుర్తున్న తీరే వేరు.

ఇంతటి వాదానికి విలువ కట్టినట్టు జీతాలూ పెరిగాయి. 2018లో లూయిసియానా స్టేట్ తన రక్షణ కోచ్ డేవ్ అరాండాకు ఏడాదికి 25 లక్షల డాలర్ల చొప్పున నాలుగేళ్ల ఒప్పందమిచ్చింది. మరోవైపు, ఆటగాడు తన పేరును, రూపాన్ని అమ్ముకుని సంపాదించడానికి 2021 జులైలో అనుమతి దొరికింది. 2025లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే నేరుగా చెల్లించడం ఆరంభించాయి. ఒక జట్టు నుంచి మరొక జట్టుకు మారడమూ సులువైంది. కుర్రవాణ్ణి వదిలి కోచ్‌ను పట్టుకోవాలన్న పాత మర్యాదకు ఆధారం ఆటగాడు జీతం లేని విద్యార్థి కావడమే గనుక, ఇప్పుడు బంతిని వదిలేసిన సేఫ్టీ పేరుతో పాటు అతనికి ముట్టిన సొమ్మును కూడా అభిమానులు లెక్కిస్తున్నారు. ఆ సొమ్ము సమకూర్చేవారిలో ఆ అభిమానులే కొందరు ఉండనే ఉన్నారు.